బాపు సగంలో లేచొచ్చిన సినిమా

మా బాపు సినిమాకు వెళ్లాడంటే ‘శుభం’ కార్డు పడేదాకా కుర్చీలోంచి కదలడు. సినిమా ఎంత చెత్తగా ఉన్నా సరే. ‘‘టికెట్‌కు పైసలు పెట్టినంక అది మన వస్తువు. మన వస్తువును సగంల ఇడిసిపెట్టి వస్తమా?’’ అనేది ఆయన సిద్ధాంతం. కరెంటు పోయి గంటసేపు చీకట్లో కూర్చోబెట్టిన ఆటలూ చూశాడు. రీళ్లు అటూ ఇటూ మారి, చచ్చిపోయిన విలన్ మళ్లీ లేచొచ్చి డైలాగులు చెప్పిన ఆటలూ చూశాడు. అలాంటి మనిషి తన జీవితంలో ఒకే ఒక్క సినిమాకి ఇంటర్వెల్ కూడా కాకముందే లేచి బయటికొచ్చేశాడు. అప్పుడు పక్క సీట్లో నేనున్నాను. నాకు 13 ఏళ్లు.

ఆ సినిమా పేరు ‘ది టైమ్ మెషీన్’. 2002లో వచ్చింది. 1960లో జార్జ్ పాల్ తీసిన పాత ‘టైమ్ మెషీన్’కి అది రీమేక్. పాతది చూసిన వాళ్లెవరికీ కొత్తది నచ్చలేదని తర్వాత చాలాచోట్ల చదివాను. నచ్చకపోవడానికి వాళ్ల కారణాలు వాళ్లకున్నాయి. బాపు ఎందుకు లేచాడో మాత్రం నాకు తెలియడానికి ఇరవై ఏళ్లకు పైనే పట్టింది.

ముందు బాపు గురించి చెప్పాలి. ఆయన వాచీ మెకానిక్. వరంగల్ చౌరస్తాకి దగ్గర్లో నాలుగడుగుల వెడల్పు కొట్టు. ముందు ఒక అద్దాల పెట్టె, దాని వెనక పొట్టి బల్ల, బల్ల మీద ట్వీజర్లు, సూదంత సన్నని స్క్రూడ్రైవర్లు, వాచీ సామాను కడగడానికి పెట్రోలు పోసిన గాజుగిన్నె. కంటికి భూతద్దం బిగించుకుని వంగితే ఇక పక్కన పిడుగు పడ్డా తలెత్తేవాడు కాదు. గోడ నిండా జనం బాగుచేయమని ఇచ్చిపోయిన గడియారాలు. చెబితే నవ్వుతారు గానీ, ఆ కొట్టులో ఏ రెండు గడియారాలూ ఒకే టైం చూపించేవి కావు. ‘‘మరి అసలు టైం ఎంత బాపూ?’’ అని అడిగితే, ‘‘మిల్లు సైరన్ కొట్టనీ, చెప్తా’’ అనేవాడు. నిజాం కాలంలో, 1934లో పెట్టిన ఆజంజాహీ మిల్లు అది. ఆ సైరనే మా వాడకి అసలైన గడియారం.

బాపు పని నేర్చుకున్నది సికింద్రాబాద్‌లో, ఓ ఉస్తాద్ దగ్గర. అది 1974. తనని చూడ్డానికి వరంగల్ నుంచి వచ్చిన తమ్ముడితో కలిసి ఓ ఆదివారం ఉదయం ఆటకి వెళ్లాడట. ఇద్దరికీ ఇంగ్లీషు రాదు. పోస్టరు మీద కుర్చీ వెనక పెద్ద చక్రం ఉన్న యంత్రం బొమ్మ చూసి లోపలికి పోయారు. తెర మీద పేర్లు పడుతుంటేనే గడియారాలు. ఒకటీ రెండూ కాదు, చీకట్లో తేలుతూ వచ్చే గడియారాలు. ఆ తర్వాత హీరో ఇంట్లోనూ ఎటు చూస్తే అటు గడియారాలే. వాచీ పని నేర్చుకునే కుర్రాడికి ఇంకేం కావాలి?

ఆ సినిమా కథని బాపు మాకు ఎన్నిసార్లు చెప్పాడో లెక్కలేదు. కరెంటు పోయిన ప్రతి రాత్రీ అదే కథ. హీరో యంత్రంలో కూర్చుని పిడి ముందుకు తోస్తాడు. బల్ల మీద కొవ్వొత్తి చూస్తుండగానే కరిగి చిన్నదైపోతుంది. నేల మీద నత్త పరుగు పెడుతుంది. సూర్యుడు నెత్తి మీద నుంచి బంతిలా దొర్లిపోతాడు. ఎదురుగా బట్టల కొట్టు అద్దంలో ఓ బొమ్మ ఉంటుంది. బొమ్మ అదే, మొహం అదే, దాని ఒంటి మీద గౌన్లు మాత్రం మారిపోతుంటాయి. పొడుగు గౌను పొట్టిదవుతుంది, టోపీ మారుతుంది... ‘‘గట్ల ఏండ్లు గడుస్తయన్నట్టు. ఒక్క మాట లేదు బిడ్డా. నాకు మొత్తం సమజైంది’’ అనేవాడు బాపు. ఆ సినిమాకి స్పెషల్ ఎఫెక్ట్స్ విభాగంలో ఆస్కార్ వచ్చిందని నేను పెద్దయ్యాక చెబితే, ‘‘రాకపోతే తప్పు గద’’ అన్నాడు, తను ముందే మార్కులు వేసినట్టు.

తర్వాత హీరో 8,02,701వ సంవత్సరానికి పోతాడు. ఈ అంకె బాపు ఎలా గుర్తుపెట్టుకున్నాడో గానీ, ఒక్కసారీ తప్పు చెప్పలేదు. అక్కడ భూమ్మీద అందమైన మనుషులుంటారు. పనీపాటా ఉండదు, పళ్లు తింటూ తిరుగుతుంటారు. భూమి కింద యంత్రాల దగ్గర ఇంకో జాతి ఉంటుంది. తెల్లటి జుట్టు, మెరిసే కళ్లు. వాళ్లు సైరన్ మోగిస్తారు. ఆ మోత వినగానే పైనున్నవాళ్లు నిద్రలో నడిచినట్టు వరసగా నేల కిందికి నడిచి వెళ్లిపోతారు. మళ్లీ రారు.

‘‘ఏ సైరన్ బాపూ?’’

‘‘గిదే. మన మిల్లు సైరన్ లెక్కనే.’’

అంతే, ఆ తర్వాత చాలా రోజులు మిల్లు సైరన్ మోగితే నేను అమ్మ కొంగు పట్టుకునేదాన్ని. మా వాడలో టిఫిన్ డబ్బాలు పట్టుకుని సైకిళ్ల మీద మిల్లుకి పోయేవాళ్లని చూసి, వీళ్లు మళ్లీ వస్తారో రారో అని భయపడేదాన్ని.

ఇంకో సంగతి. ఆ సినిమాలో అమ్మాయి పేరు బాపు చెప్పినట్టు ‘వీణ’. ఎనిమిది లక్షల ఏళ్ల తర్వాత కూడా ఓ అమ్మాయికి మన పేరుందని నాకెంతో సంతోషంగా ఉండేది. అసలు పేరు ‘వీనా’ అనీ, హెచ్.జి. వెల్స్ అనే ఇంగ్లండు రచయిత 1895లో రాసిన పుస్తకంలో ఆ పేరు పెట్టాడనీ చాలా ఆలస్యంగా తెలిసింది. ఇప్పటికీ నాకు వీణే.

2002 వేసవి సెలవులయ్యాక ఓ రోజు సామాను కొనడానికి హైదరాబాద్ వెళ్తూ బాపు నన్ను కూడా తీసుకెళ్లాడు. ఆ ఏడాదే మిల్లు మూతపడింది. కొట్టుకి గిరాకీ తగ్గింది. కొత్త క్వార్ట్జ్ వాచీలు పాడైతే బాగుచేయించేవాడు లేడు, పడేసి ఇంకోటి కొనడమే. అయినా సికింద్రాబాద్‌లో రోడ్డు మీద ఆ పోస్టరు చూడగానే బాపు ఆగిపోయాడు. ‘‘మల్ల తీసిండ్రు బిడ్డా!’’ అన్నాడు. పోగొట్టుకున్న వస్తువు దొరికినట్టు ఉంది ఆయన మొహం. టికెట్ డబ్బులు లెక్కపెట్టి చూసుకుని, ‘‘మధ్యాహ్నం బిర్యానీ వద్దులే, ఇడ్లీ తిందం’’ అన్నాడు.

లోపల కూర్చున్నాం. నాది తెలుగు మీడియం, ఇంగ్లీషు డైలాగులు సగం కూడా అర్థం కావడం లేదు. బాపు చెప్పిన కథ మాత్రం నాకు కంఠతా వచ్చు కాబట్టి ధీమాగా ఉన్నాను. కానీ కథ అలా మొదలవలేదు. లండన్ లేదు, న్యూయార్క్ అట. హీరో ఒక ప్రొఫెసర్. మంచు కురిసే రాత్రి పార్కులో ప్రేమించిన అమ్మాయికి ఉంగరం ఇస్తాడు. ఓ దొంగ వచ్చి తుపాకీ చూపిస్తాడు, పెనుగులాటలో ఆ అమ్మాయి చనిపోతుంది. ‘‘ఇది లేకుండె గద’’ అని గొణిగాడు బాపు. అయినా కూర్చున్నాడు. హీరో నాలుగేళ్లు తలుపులేసుకుని, గడ్డం పెంచుకుని యంత్రం తయారుచేస్తాడు. ఇత్తడీ గాజూ కలిసి ధగధగ మెరిసే యంత్రం. దానిలో కూర్చుని అదే రాత్రికి వెనక్కి పోతాడు. ఆ అమ్మాయి బతికే ఉంది! ఈసారి పార్కు వైపు పోనివ్వడు, చేయి పట్టుకుని ఊళ్లోకి నడిపిస్తాడు.

బాపు ముందుకి వంగాడు. కొట్టులో బల్ల మీదకి వంగినట్టే. ముందు సీటు అంచుని రెండు చేతులతో పట్టుకోవడం నాకిప్పటికీ గుర్తుంది.

హీరో పూల కొట్టులోకి వెళ్తాడు. అమ్మాయి బయట నిలబడి ఉంటుంది. లోపల పూలు తీసుకుంటుండగా బయట కేకలు. గుర్రాలు బెదిరి బండి ఆమె మీదుగా పోయింది. మళ్లీ చనిపోయింది.

బాపు లేచాడు. ‘‘నడువ్ బిడ్డా, రైలుకు టైం అయితది.’’

రైలుకి ఇంకా మూడు గంటలుంది. సికింద్రాబాద్ స్టేషన్‌లో సిమెంటు బల్ల మీద కూర్చున్నాం. వీణ రాకముందే, నత్త పరుగెత్తకముందే, సైరన్ మోగకముందే లేపుకొచ్చాడని నాకు ఏడుపొచ్చింది. బాపు చాయ్ తాగలేదు, నాకు సమోసా కొనిచ్చాడు. కాజీపేట దాటేదాకా ఒక్క మాట మాట్లాడలేదు. ఇంటికెళ్లాక అమ్మ అడిగితే, ‘‘మంచిగ లేదు’’ అన్నాడు. అంతే.

ఆ రోజు చూడలేకపోయిన మిగతా సినిమాని నేను జర్నలిజం డిప్లొమా చదువుతున్నప్పుడు హాస్టల్లో, స్నేహితురాలి కంప్యూటర్లో చూశాను. పాతదీ అప్పుడే మొదటిసారి చూశాను. పాతది చూస్తున్నంతసేపూ నాకు తెర మీద కంటే బాపు గొంతే ఎక్కువ వినిపించింది. ఆయన చెప్పినవన్నీ ఉన్నాయి, కొవ్వొత్తీ నత్తా బొమ్మా అన్నీ! ఒక్కటి మాత్రం ఆయన చెప్పలేదు. హీరో దారిలో 1917లో ఆగుతాడు, 1940లో ఆగుతాడు, 1966లో ఆగుతాడు. మూడుచోట్లా యుద్ధమే. అణుబాంబు భయంతో లోకం వణుకుతున్న రోజుల్లో తీసిన సినిమా మరి. సైరన్ కూడా అక్కడి నుంచి వచ్చిందే. విమానాలు బాంబులు వేయడానికి వస్తే జనాన్ని నేల కిందికి పొమ్మని మోగే సైరన్ ఎనిమిది లక్షల ఏళ్లయినా అలవాటుగా మిగిలిపోతుంది. ఎందుకు పోతున్నారో మర్చిపోయినా పోతూనే ఉంటారు. వెల్స్ పుస్తకంలోనైతే కిందున్నవాళ్లు ఒకప్పటి కూలీల వారసులు, పైనున్నవాళ్లు వాళ్ల కష్టం మీద కులికిన దొరల వారసులు. మిల్లు సైరన్‌తో పెరిగిన నాకు ఈ కథ ఎవరూ విప్పి చెప్పక్కర్లేకపోయింది.

కొత్తదాంట్లో సైరన్ లేదు. దొరలు లేరు, కూలీలు లేరు, యుద్ధం లేదు. చంద్రుడి మీద కాలనీలు కడదామని బాంబులు పేలిస్తే 2037లో చంద్రుడు ముక్కలవుతాడు, దాంతో మనుషులు రెండు జాతులైపోతారు. వీణ లేదు, ఆమె బదులు మారా అనే అమ్మాయి. నేల కిందివాళ్లు ఇసుకలోంచి దూకి మనుషుల్ని వేటాడతారు, అచ్చం వీడియో గేమ్‌లోలాగా. వాళ్లకో నాయకుడు. తెల్లగా పాలిపోయిన మొహంతో జెరెమీ ఐరన్స్, పాపం మంచి నటుడు, వచ్చి రెండు ముక్కలు చెప్పి చచ్చిపోతాడు. హీరో తన యంత్రాన్నే పేల్చేసి శత్రువుల్ని చంపి మారాతో ఉండిపోతాడు.

న్యాయంగా చెప్పాలంటే అన్నీ చెడ్డవి కావు. యంత్రం అందంగా ఉంది. మేకప్‌కి ఆస్కార్ నామినేషన్ కూడా వచ్చింది. లైబ్రరీలో వెలుగుతో చేసిన మనిషి ఒకడుంటాడు, వాక్స్ అని. ప్రపంచంలోని పుస్తకాలన్నీ వాడి బుర్రలో ఉంటాయి. జనం అంతరించినా లక్షల ఏళ్లు ఒక్కడే అన్నీ గుర్తుపెట్టుకుని కూర్చుంటాడు, మర్చిపోవడం చేతకాక. సినిమా మొత్తమ్మీద నాకు గొంతులో అడ్డుపడిన దృశ్యం అదొక్కటే.

అన్నట్టు ఈ రీమేక్ తీసింది ఎవరనుకున్నారు? సాక్షాత్తూ వెల్స్‌గారి ముని మనవడు సైమన్ వెల్స్. అంతకుముందు ‘ప్రిన్స్ ఆఫ్ ఈజిప్ట్’ లాంటి మంచి కార్టూన్ సినిమా దర్శకుల్లో ఒకడు. షూటింగ్ చివర్లో అలసిపోయి పక్కకి తప్పుకుంటే, మిగిలిన రోజులు గోర్ వెర్బిన్‌స్కీ అనే ఇంకో దర్శకుడు పూర్తిచేశాడు. వారసుడైతే చాలదన్న సంగతి తెలుగు సినిమా ప్రేక్షకులకి నేను కొత్తగా చెప్పేదేముంది!

రీమేక్ అంటేనే పాపం అని నేననను. మనం నెత్తిన పెట్టుకునే 1957 నాటి ‘మాయాబజార్’కి ముందే, 1936లో అదే కథతో సినిమా వచ్చింది. కె.వి. రెడ్డిగారు దాన్ని చూసి వెనకడుగు వేసి ఉంటే మనకి ఘటోత్కచుడి వివాహ భోజనం ఉండేది కాదు. హాలీవుడ్‌లోనూ ‘ది ఫ్లై’ సినిమాని 1986లో మళ్లీ తీస్తే పాతదాన్ని మించిపోయింది. 2001లో ‘ప్లానెట్ ఆఫ్ ది ఏప్స్’, 2008లో ‘ది డే ది ఎర్త్ స్టుడ్ స్టిల్’ మళ్లీ తీసి చేతులు కాల్చుకున్నారు. ఎందుకిలా? ఇది నేను బాపునే అడిగాను. సినిమాల గురించి కాదులెండి, వాచీల గురించి చెప్పాడు.

పాత హెచ్ఎంటీ వాచీ తెస్తారు. కీ ఇస్తే నడిచే రకం. లోపల పళ్లు అరిగిపోయి ఉంటాయి, స్పేర్లు దొరకవు. మెకానిక్ ఏం చేస్తాడంటే లోపలున్న మిషన్ మొత్తం తీసేసి సెల్లుతో నడిచే మిషన్ పెడతాడు. డయల్ అదే, కేసు అదే, బెల్టు అదే. టైం ఇంకా కరెక్టుగా చూపిస్తుంది. ‘‘గానీ చెవి కాడ పెట్టుకుంటె తెల్సిపోతది. అది నడుస్తలేదు, దుంకుతున్నది’’ అన్నాడు. నిజమే. పాత వాచీలో సెకన్ల ముల్లు జారుతూ పోతుంది, కొత్తదాంట్లో ఆగి ఆగి దుంకుతుంది.

మా ఊళ్లోనే ఇంకో రీమేక్ ఉంది. వేయిస్తంభాల గుడి కల్యాణ మండపం. రుద్రదేవుడు 1163లో కట్టించిన గుడికి ఎదురుగా ఉండేది. కుంగిపోతోందని 2006లో విప్పేశారు. స్తంభాలూ రాళ్లూ ఏళ్ల తరబడి ఆవరణలో పడి ఉంటే, ఇంక ఇది లేవదులే అనుకున్నాం. పునాది నుంచి మళ్లీ కట్టి 2024 మార్చిలో తెరిచారు. ఆ వారం ఆఫీసు పని మీద వెళ్లి చాలాసేపు నిలబడ్డాను. కొత్త రాయి ఏదో పాత రాయి ఏదో కనిపిస్తూనే ఉంది. అయినా లోపల నిలబడితే పాత మండపంలోనే ఉన్నట్టుంది. విప్పినవాళ్లు దాని బరువు దేని మీద నిలబడిందో ముందు వెతికారు. నాకైతే తేడా అక్కడే ఉందనిపించింది.

ఇక మన ‘ఆదిత్య 369’ సంగతి. 1991లో వచ్చింది కాబట్టి నేను టీవీలోనే చూశాను. వెల్స్ పుస్తకం చదివిన గుర్తుతోనే సింగీతం శ్రీనివాసరావుగారు ఆ కథ అల్లుకున్నారు. అల్లుకున్నారు అంతే, తర్జుమా చేయలేదు. యంత్రాన్ని 1526కి పంపి, బాలకృష్ణని శ్రీకృష్ణదేవరాయల ముందు నిలబెట్టి, చంద్రమోహన్‌ని తెనాలి రామకృష్ణుణ్ని చేసి, మళ్లీ 2504కి విసిరేశారు. టిన్ను ఆనంద్ ప్రొఫెసర్, అమ్రిష్ పురి వజ్రాల దొంగ. మా బడిలో పిల్లలకి ఒక్కటే కోపం. హంపీ దాకా పోయిన మిషన్ ఓరుగల్లులో ఎందుకు ఆగలేదని! రెండు వందల ఏళ్లు ఇంకాస్త వెనక్కి పోతే 1323. కోట ఇంకా పడిపోలేదు, తోరణాల మధ్య గుడి నిలబడే ఉంటుంది. కోటకి పిక్నిక్ వెళ్లినప్పుడల్లా ఏ తోరణం కింద మిషన్ దిగాలో కొట్టుకునేవాళ్లం.

2025 ఏప్రిల్లో ఆ సినిమాకి కొత్త మెరుగులు దిద్ది మళ్లీ విడుదల చేశారు. దాని మీద రాయమంటే బాపుని వెంట తీసుకెళ్లాను. ఇప్పుడాయనకి 70 దాటాయి, చేతులు కాస్త వణుకుతున్నాయి, కొట్టు అమ్మేసి ఆరేళ్లయింది. ‘శుభం’ దాకా కదలలేదు. బయటికొచ్చాక, ‘‘ఇత్తు ఆడికెళ్లి తెచ్చి, మన చెల్కల ఏసిండు. గది పద్ధతి’’ అన్నాడు. అప్పుడు అడిగాను. ఆనాడు సికింద్రాబాద్‌లో ఎందుకు లేచావని.

జవాబు చెప్పలేదు. ఆ రాత్రి భోజనాలయ్యాక, ‘‘ఆ సిన్మ నీ తాన ఉన్నదా? మిగిలింది సూపియ్యి’’ అన్నాడు.

పెట్టాను. బాపు, నేను, గుమ్మం దగ్గర చిక్కుడుకాయలు తుంచుకుంటూ అమ్మ. పార్కులో దొంగ, యంత్రం, వెనక్కి ప్రయాణం, పూల కొట్టు. నేను బాపు మొహం చూస్తూ కూర్చున్నాను. ఏదో ఒకటి మాట్లాడాలని, ‘‘ఇందులో పూల కొట్టులో పనిచేసే ముసలాయన ఎవరో తెలుసా బాపూ? పాత సినిమాలో హీరో దోస్తు ఫిల్బీ. అదే యాక్టరు, అలన్ యంగ్’’ అన్నాను.

‘‘అవునా? ఎర్రజుట్టోడు?’’

‘‘ఆ, ఆయనే. నలభై రెండేళ్ల తర్వాత ఇందులో చిన్న వేషం ఇచ్చారు.’’

బాపు సినిమా ఆపమన్నాడు. కాసేపు ఆ ఆగిన బొమ్మనే చూశాడు. తర్వాత, టీవీ వైపే చూస్తూ చెప్పాడు.

కాక చనిపోయింది 1983లో. నేనప్పటికి పుట్టలేదు. కొట్టులో దండ వేసిన ఫొటో చూస్తూ పెరిగాను. ‘యాక్సిడెంట్’ అనే మాట తప్ప ఇంకేం తెలియదు. ఆ రోజు కాజీపేటలో ఒకాయనకి గోడ గడియారం అప్పజెప్పాలి. మాటిచ్చిన రోజు అదే. బాపు చేతిలో పెళ్లివారి వాచీ ఒకటి విప్పి ఉంది, వదిలి వెళ్లడానికి లేదు. కాక సినిమాకి పోదామని తయారై వచ్చాడు. ‘‘జెర గిది ఇచ్చి రా, రెండో ఆటకు పోదం’’ అని బాపే సైకిలెక్కించి పంపాడు. గడియారాన్ని దుప్పటిలో చుట్టి క్యారియర్‌కి కట్టింది కూడా బాపే. దారిలో లారీ.

‘‘రోజూ వెనుకకు పోయెటోన్ని బిడ్డా. మిషన్ గిషన్ ఏం లేకుంటనే. ఆడు కొట్లకొస్తడు, నేను పంప. రేపిద్దం తియ్ అంట. ఇద్దరం సిన్మకు పోతం. ఇరవై ఏండ్లు గదే నడిపిన మన్సుల. ఆ పొద్దు ఈ సిన్మల ఆ పోరి మల్ల సచ్చిపోయింది. నువ్వు వెనుకకు పోయినా గంతే, యాడికి తీస్కపోయినా గంతే అన్నట్టు. నీ తప్పేం లేదు అన్నట్టు.’’

‘‘మంచిదే కదా బాపూ అలా అంటే?’’

‘‘ఏం మంచిది? నా తప్పు కాదని ఓ సిన్మ జెప్తె ఇనాల్నా నేను?’’

చిక్కుడుకాయలు తుంచే చప్పుడు ఆగింది. అమ్మకి ఇదంతా తెలుసు. నాకే తెలియదు.

కాసేపటికి మిగతాది పెట్టమన్నాడు. చంద్రుడు ముక్కలయ్యాడు, మారా వచ్చింది, ఇసుకలోంచి రాక్షసులు లేచారు. చివరికి ఆ తెల్లమొహం నాయకుడు హీరో అడిగిన ప్రశ్నకి జవాబు చెప్పాడు. ఆ అమ్మాయి చచ్చిపోయింది కాబట్టే నువ్వు యంత్రం చేశావు, ఆమె బతికితే యంత్రమే లేదు, ఇక దానిలో వెనక్కి వెళ్లి ఎలా బతికిస్తావు అని. విమర్శకుల్లో కొందరు ఈ తర్కాన్ని మెచ్చుకున్నారు. నేనూ ఒకప్పుడు తెలివైన జవాబే అనుకున్నాను.

‘‘గిది లెక్క. జవాబు గాదు’’ అన్నాడు బాపు.

ఆ తర్వాత ఆయనకి నిజంగా కోపం తెప్పించింది వేరే. హీరో ఆ మాట విన్నాక మళ్లీ ఆ అమ్మాయి పేరెత్తడు. యంత్రం పేల్చేస్తాడు, మారా చేయి పట్టుకుంటాడు, సంగీతం. ‘‘నాలుగేండ్లు గడ్డం పెంచి మిషన్ జేసినోడు! గింతల్నే మర్సిపోయిండా? పాతోడు నయం. ఆనికెవ్వరు సావలె. లోకం సూద్దామని పోయిండు, సూసిండు. గీనికి ఎందుకు పెట్టిండ్రు ఆ పోరి సావు, మర్సిపోయేటోనికి?’’

రీమేక్ గురించి నేను చదివిన సమీక్షల్లో ఎక్కడా ఇంత సూటిగా చెప్పినవాళ్లు లేరు. గ్రాఫిక్స్ బాగోలేదన్నారు, కథ మార్చారన్నారు. కథ మార్చడం తప్పు కాదని ఇప్పుడు నాకనిపిస్తోంది. పాత సినిమా అడగని పెద్ద ప్రశ్న ఒకటి కొత్త సినిమా అడిగింది. అడిగి, అరగంటలో జేబులో వేసుకుని కొట్లాటల్లోకి వెళ్లిపోయింది. ఏమీ అడగకపోయినా బాగుండేది.

‘‘ఆ గడియారం ఏమైంది బాపూ?’’ అన్నాను.

‘‘ఏ గడియారం?’’

‘‘కాక తీసుకెళ్లింది.’’

‘‘అద్దం పల్గింది, లోలకం ఒంగింది. దినాలయినంక రిపేర్ జేసి నేనే పోయి ఇచ్చొచ్చిన.’’

‘‘డబ్బులు తీసుకున్నావా?’’

‘‘తీస్కున్న. ఆయినె వద్దన్నడు. రెండోసారి జేసిన పనికి తీస్కోలె, మొదటిసారి జేసినదానికి తీస్కున్న. పన్నెండు రూపాలు.’’

అమ్మ లేచి చిక్కుడుకాయల చాట లోపల పెట్టొచ్చింది. పదకొండు దాటింది, పడుకోమంది. బాపు కదల్లేదు. తెర మీద పేర్లు పైకి పోతున్నాయి. అవన్నీ అయిపోయేదాకా చూశాడు.

‘‘ఇది తీసెయ్. పాతది పెట్టు’’ అన్నాడు. ‘‘మొత్తం వద్దు. నత్త కాడికెళ్లి పెట్టు.’’